వాడుకోండి సార్

మంగళవారం పొద్దున మొనకుప్పం మలుపులో బస్సు కోసం నిలబడి ఉండగా స్వర్ణ చేతిలో ఫోన్ ఒకసారి వణికింది. ఆ వేళప్పుడు ఆమెకు మెసేజీలు పెట్టేవాళ్లు ఎవరూ లేరు, రీచార్జి అయిపోవచ్చిందని గుర్తుచేసే కంపెనీ తప్ప. అదే అనుకుని చూసింది.

"కాపీరైటు హక్కుదారు ఫిర్యాదు మేరకు మీ వీడియోను తొలగించాం."

కింద వీడియో పేరు ఉంది: పీత శరీర నిర్మాణం. ఫిర్యాదు చేసింది పాఠాలపల్లకి అనే చదువుల యాప్. ఇంకో రెండు ఫిర్యాదులు వస్తే ఛానెలే మూతపడుతుందనీ, అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లో చెప్పుకోవాలనీ ఆ కింద రాసి ఉంది.

బస్సు వచ్చింది, ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు. ఆ నాలుగు వాక్యాలనే దొరవారిసత్రం వచ్చేదాకా చదువుకుంది.

స్వర్ణకు పదిహేడేళ్లు. సూళ్లూరుపేటలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఆమె గొంతు ఎలా ఉంటుందో హాజరు పిలిచే లెక్చరర్లకే తెలుసు. ఎవరైనా పక్కన కూర్చుని పేరు అడిగితే చెబుతుంది, తిరిగి వాళ్ల పేరు అడగాలని ఇంటికి వెళ్లాక గుర్తొస్తుంది. ఇంట్లోనూ మాట్లాడే మనిషి లేదు. అమ్మమ్మ కాలుజారి తుంటి విరగ్గొట్టుకుందని అమ్మ చిట్టమూరు వెళ్లి నాలుగు నెలలైంది. నాయన మునెయ్య తెల్లారకముందే చేపలకని సరస్సు మీదికి పోతాడు, వచ్చాక నిద్రపోతాడు.

ఆ ఛానెల్‌లో కూడా ఆమె మాట్లాడదు. తెల్ల కాగితం, పెన్సిలు, కుడిచెయ్యి, అంతే కనిపిస్తాయి. గుండె గీస్తుంది, ఆకు లోపలి పొరలు గీస్తుంది, పక్కన భాగాల పేర్లు తెలుగులో రాస్తుంది. నలభై ఒక్కమంది చూస్తారు. అందులో ముప్పై మంది ఊరి బడిపిల్లలే. "అక్కా, మూత్రపిండం పెట్టు, సోమవారం పరీక్ష" అని కింద రాస్తారు. ఎవరు ఏ ఇంటి బిడ్డో ఆమెకు తెలుసు. దారిలో ఎదురైతే మాత్రం ఆమే తల దించుకుని పోతుంది. తన కోసం ఎవరైనా ఎదురుచూసే చోటు లోకం మొత్తం మీద అదొక్కటే.

దొరవారిసత్రం దాటాక ఆ యాప్ తెరిచింది. డబ్బు కట్టకుండా చూడగలిగే పాఠాలు మూడు ఉన్నాయి. రెండోదాంట్లో పీత ఉంది.

అది ఆమె పీతే. ఎడమవైపు మూడో కాలు సగానికి విరిగి ఉంది. పుస్తకాల్లో పీతలకు కాళ్లన్నీ ఉంటాయి. నాలుగేళ్ల కింద నాయన వలలో చిక్కుకుని కాలు పోగొట్టుకున్న పీతను బకెట్‌లో పెట్టుకుని, నాలుగు రోజులు చూసి చూసి గీసిన బొమ్మ అది. విరిగిన కాలును విరిగినట్టే గీసింది. ఇప్పుడు దాని పక్కన కంపెనీ గుర్తు ఉంది. కింద చిన్న అక్షరాలతో ఒక వరస: పాఠం, చిత్రాలు – ఆనందబాబు.

ఆనందబాబు సార్.

కరోనా రెండో ఏడు బళ్లు మూసేసినప్పుడు స్వర్ణ ఎనిమిదో తరగతిలో ఉంది. సైన్సు చెప్పే ఆనందబాబు కాంట్రాక్టు టీచరు, ఊరు సూళ్లూరుపేట. ఇంట్లో గోడకు నల్లరంగు వేసుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని పాఠాలు రికార్డు చేసి పిల్లలకు పంపేవాడు. పాఠం బాగా చెప్పేవాడు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి తంటా. "రేయ్, నేను గుండె గీస్తే వంకాయ లాగుంటది. మీరు వంకాయ చూసి గుండె అనుకోండి" అని తన మీద తనే నవ్వేవాడు.

హోంవర్కుతో పాటు స్వర్ణ ఆ పీత బొమ్మ పంపింది. గంటలో ఫోన్ మోగింది. ఒక సార్ ఆమెకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"మే స్వర్ణా, ఈ పీత నువ్వు గీసిందేనా? ఎవరి దగ్గరైనా గీయించినావా?"

"నేనే సార్."

"నిజం జెప్పు. ఇది పాక్కుంటా వచ్చి నా వేలు పట్టుకునేట్టుంది."

ఆమెకు నవ్వొచ్చింది, బయటికి రాలేదు.

"దీన్ని నా పాఠంలో వాడుకోనా?"

"వాడుకోండి సార్."

అంతే జరిగింది. ఆ తర్వాతి రెండేళ్లలో అరవై మూడు బొమ్మలు పంపింది. ప్రతి బొమ్మకూ సార్ ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడేవాడు. ఆ రెండు నిమిషాల కోసం ఆమె ఒక ఆకును మూడు రోజులు గీసేది. తర్వాత సార్ కాంట్రాక్టు ముగిసింది, నెల్లూరులో ఏదో ఆన్‌లైన్ కంపెనీలో చేరాడని తెలిసింది. ఫోన్లు మెసేజీలయ్యాయి. మెసేజీలు పండగనాడు పెట్టే బొటనవేలి గుర్తుగా మిగిలాయి. అయినా ఆమె ఫోన్‌లో పైన పిన్ చేసి ఉన్న ఒక్క పేరు ఇప్పటికీ ఆయనదే.

ఇప్పుడు ఆ బొమ్మ తనదని చెప్పాలంటే సార్ అబద్ధం రాశాడని చెప్పాలి. చెప్పకపోతే పీత పోయినట్టే. పాత బొమ్మలతో చేసిన వీడియోలు ఇంకా అయిదు ఉన్నాయి. ఒక్కొక్కటే పోతాయి. చివరికి పిల్లలు వచ్చి చూసే ఆ కాగితమూ పోతుంది.

కాలేజీ దగ్గర దిగాక సార్‌కు మెసేజీ పెట్టింది. "సార్, నా పీత వీడియో తీసేశారు." సాయంత్రానికి చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు. బుధవారం కూడా రాలేదు.

గురువారం సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి నాయన వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. ఎదురుగా పోలేరయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన కుప్పం, అంటే ఆ జాలరి పల్లె, పెద్దల్లో ఒకడు. ముఖం ఎర్రగా ఉంది, గొంతు వీధి చివరికి వినిపిస్తోంది.

మొనకుప్పంలో ప్రతి ఇంటికీ సరస్సులో వల వేసుకునే వంతు ఉంటుంది. దాన్ని పాడు అంటారు. ఏటా చీట్లు వేసి ఏ రోజు, ఏ చోట, ఎవరి పాడో తేలుస్తారు. ఆ రోజు ఆ చోట ఇంకొకరు వల దించరు. తనకు వీలు కాకపోతే, "నా పాడుకు నువ్వు పొయ్యిరా" అని ఇంకొకరికి నోటిమాటగా చెప్పడం వాడుక. పోలేరయ్య కూతురి ఊరికి పోతూ, చెల్లెలి మొగుడైన బావమరిదికి అలాగే చెప్పి పోయాడు. తిరిగొచ్చి చూస్తే ఆ బావమరిది తర్వాతి పాడుకు కూడా తనే పోయి వల దించేశాడు.

"పొయ్యిరా అంటే ఒక్కనాడే గదా మునెయ్యా! కాపరం పెట్టుకోమన్నానా ఆడ?"

నాయన తల ఎత్తకుండా అన్నాడు. "ఎన్నాళ్లకో నువ్వు చెప్పకపోతివి మామా. ఆయన గట్టిగా పట్టుకున్నాడు."

"చెప్పేదేముందిరా దాంట్లో? పొద్దు గూకితే ఎవురి పాడు వాళ్లకొస్తది. చంటిబిడ్డకి గూడా తెల్సు."

"ఆయన చంటిబిడ్డ గాదు గదా."

"అదీ నిజమే. నా పెండ్లినాడు నా చెప్పులేసుకుని పోయినోడు. ముప్పై ఏండ్లయింది, ఇంతవరకూ తిరిగియ్యలా!"

ఇద్దరూ నవ్వారు. టీ గ్లాసులు తెస్తున్న స్వర్ణ గడప దగ్గర ఆగిపోయింది.

వాడుకోండి సార్ అన్నప్పుడు తను ఏమనుకుందో ఇన్నాళ్లూ ఆలోచించలేదు. ఇప్పుడు తెలిసింది. పొయ్యిరా అన్నట్టే అంది. ఆ పాఠానికి, ఆ పూటకు. పాఠం అయిపోయాక బొమ్మ తన దగ్గరికే వస్తుందని అనుకుంది. అనుకుంది అనడం కూడా తప్పే. ఇంకోలా ఉంటుందని ఆమెకు తట్టలేదు. సార్ వాళ్లు మెట్టపొలం ఉన్నవాళ్లు. వాళ్ల ఊళ్లో పాడు లేదు. ఆయన చెవికి అది ఇచ్చేసిన మాటలాగే వినిపించి ఉంటుంది.

"ఏమ్మే, టీ చల్లారబెట్టి ఇస్తావా?" అన్నాడు నాయన.

శుక్రవారం రెండో ఫిర్యాదు వచ్చింది. ఈసారి గుండె. కింద పిల్లలు రాసిన పదిహేడు మాటలు కూడా దాంతోపాటే పోయాయి.

ఆదివారం చర్చికి సార్ సూళ్లూరుపేట వస్తాడని ఆమెకు తెలుసు. బడిలో ఉన్నప్పుడు "ఆదివారం మా అమ్మ పక్కన కూర్చోకపోతే సోమవారం నాకు కూడు దొరకదు" అనేవాడు. నాయనతో కాలేజీ పనుందని చెప్పి బస్సెక్కింది. అబద్ధం చెప్పడం అలవాటు లేక, ఆయన అడగకపోయినా ఏ పనో కూడా చెప్పింది.

చర్చిలో ఇంకా పాటలు అవుతున్నాయి. ఆమె గేటు బయట, సైకిళ్లు పెట్టే చోట నిలబడింది. ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుంటే, తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఆమెను చూసి ఆగింది.

"ఎవురమ్మా నువ్వు? లోపలికి రాకుండా ఎండలో నిలబడినావే?"

"ఆనందబాబు సార్ కోసం... ఆయన దగ్గర చదివినానమ్మా."

"మా బాబు దగ్గరా?" ఆవిడ ముఖం వెలిగింది. ఆమె రెబెక్కమ్మ, సార్ తల్లి. చెయ్యి పట్టుకుని చెట్టునీడకు లాక్కుపోయింది. "పాస్టరుగారితో మాట్లాడతా ఉండాడు, వస్తాడు. కూర్చో. మావోడు ఇప్పుడు ఎంత పెద్ద కంపెనీలో ఉండాడో తెల్సా? చూస్తావా?"

సంచిలోంచి ఫోన్ తీసింది. కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో వేలూ జాగ్రత్తగా పెట్టి ఆ యాప్ తెరిచింది. మొదట వచ్చింది పీత.

"చూడమ్మా, ఈ బొమ్మలన్నీ మావోడే గీసినాడంట. చిన్నప్పుడు పలక మీద అ రాయమంటే ఏడ్చేవోడు. ఇప్పుడు చూడు, ఎంత పనితనమో! ఈ కాలు చూడు, ఇరిగిపోయినట్టు ఎట్ట గీసినాడో. ప్రార్థనలో అందరికీ చూపించినా."

"బాగుందమ్మా," అంది స్వర్ణ.

రెబెక్కమ్మ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి కాళ్లు, కళ్లు, డొప్ప మీద చుక్కలు ఒక్కొక్కటే చూపిస్తోంది. ఆ బొమ్మను అంతసేపు, అంత ప్రేమగా చూసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

సార్ వచ్చాడు. కొంచెం లావయ్యాడు, చెంపల దగ్గర నెరిసింది.

"స్వర్ణా! ఇంత పొడుగైపోయినావేంది మే, తాటిచెట్టు మాదిరి!" అన్నాడు. వెంటనే తల్లి చేతిలోని ఫోన్ చూశాడు. నవ్వు ఆగిపోయింది. "అమ్మా, నువ్వు ఆటోలో కూర్చో. ఇప్పుడే వస్తా."

ఆవిడ ఆటో ఎక్కేదాకా ఆగాడు.

"నీ మెసేజీ చూసినా. ఏం రాయాల్నో తెలీలా," అన్నాడు సార్. "ఫిర్యాదు నేను పెట్టలేదు స్వర్ణా. కంపెనీలో మిషనొకటి వెతుకుతా ఉంటది. మా బొమ్మలు ఎక్కడ కనపడినా పట్టుకుంటది. అది నీ ఛానెలని వాళ్లకి తెలీదు."

మా బొమ్మలు అన్నాడు. అన్నట్టు ఆయనకే వినిపించింది.

"చూడు. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు టీచరు ఎవురి బొమ్మ చూపించినా తప్పులేదు. చట్టంలోనే ఉండాది. కరోనాలో నేను చేసింది అదే. యాప్‌లో చేరినాక పాతపాఠాలన్నీ తెమ్మన్నారు, ఇచ్చినా. దుడ్లకి అమ్మే పాఠానికి ఆ చట్టం పనికిరాదు. అందుకని అన్నీ నా సొంతమని కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు."

"చదవలేదా సార్?"

ఆ ప్రశ్న ఆమె నోటి నుంచి వచ్చిందంటే ఆమే నమ్మలేకపోయింది.

"చదివినా." ఆయన గేటు ఊచ పట్టుకున్నాడు. "నువ్వు ఇచ్చినావు గదా. వాడుకోమన్నావు. నా వాటిలో కలిసిపోయినట్టే అనుకున్నా. నిన్ను అడగాల్సింది. నేను అడిగితే నువ్వు కాదనేదానివి కూడా కాదు. అందుకే అడగబుద్ధి కాలేదేమో."

ఆమె పాడు గురించి చెప్పాలనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చీట్లు, వంతులు, పొద్దు గూకడం, ఇవన్నీ చర్చి గేటు దగ్గర చెప్పే మాటల్లాగా లేవు.

"ఒక దారి ఉంది," అన్నాడు సార్ గొంతు తగ్గించి. "అభ్యంతరం చెప్పుకునే ఫారంలో మూడు గళ్లుంటాయి. మూడోదాంట్లో టిక్ పెట్టు. వేరేవాళ్ల బొమ్మను చదువుకోసం న్యాయంగా వాడుకున్నానని. నువ్వు విద్యార్థివి, దుడ్లు తీసుకోవు, ఊరి పిల్లలకి చెప్తావు. ఒప్పుకుంటారు. మావాళ్లకి నేను జెప్తా. రెండ్రోజుల్లో అన్నీ తిరిగొచ్చేస్తాయి. నీ ఛానెల్ నీకుంటది."

ఆగి, "నా ఉద్యోగం నాకుంటది," అన్నాడు. "బొమ్మ నీ సొంతమని మొదటి గడిలో పెడితే నేను సంతకం పెట్టిన కాయితం అబద్ధమైపోతది. అంతే స్వర్ణా. నీ ఇష్టం."

ఆటోలోంచి రెబెక్కమ్మ పిలిచింది. "బాబూ, ఆ పిల్లని గూడా అన్నానికి రమ్మను!"

స్వర్ణ తల అడ్డంగా ఊపింది. ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఇప్పుడు కొత్తవి ఏం గీస్తా ఉండావు?" అన్నాడు, అప్పటి ఫోన్లలోలాగే. ఆమె "ఊపిరితిత్తులు సార్" అంది. ఆ ఒక్క క్షణం ఆమెకు అంతా మామూలుగా ఉన్నట్టే అనిపించింది.

బస్సులో వస్తూ మూడో గడిలో టిక్ పెట్టాలనే నిశ్చయించుకుంది. ఎవరికీ నష్టం లేదు. పిల్లలకు గుండె తిరిగొస్తుంది. సార్ మళ్లీ మెసేజీ పెడతాడేమో కూడా. ఒక చిన్న గీత, అంతే. గీతలు గీయడం తనకు కొత్త కాదు.

సోమవారం ఆఖరిరోజు. కాలేజీకి పోలేదు. వంట ముగించి గడపలో కూర్చుని ఫారం తెరిచింది. మూడు గళ్లు ఉన్నాయి. ఇది నా సొంత సృష్టి. ఇందుకు హక్కుదారు అనుమతి ఉంది. ఇది ఇతరుల సృష్టి, విద్య కోసం న్యాయమైన మేరకు వాడుకున్నాను.

మూడోదాన్ని నొక్కింది. కింద ఇంకో వరస తెరుచుకుంది. అసలు రచయిత పేరు రాయండి.

ఈ సంగతి సార్ చెప్పలేదు. ఆయనకూ తెలియకపోయి ఉండొచ్చు.

ఆనం అని కొట్టి ఆపింది. వరసకు పైన పీత చిన్నదిగా కనిపిస్తోంది. బకెట్‌లో అది గోడ గీకుతుంటే చప్పుడుకు ఆ నాలుగు రోజులూ ఆమెకు నిద్ర పట్టలేదు. కళ్లు కాడల మీద లేచి ఎటు తిరుగుతాయో చూడడానికి బోర్లా పడుకుంది. డొప్ప అంచున పళ్లు ఎన్నున్నాయో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. నాలుగోరోజు గీయడం అయ్యాక నాయన దాన్ని పులుసుకు తీసుకుపోతుంటే వద్దని ఏడ్చింది. ఇవన్నీ చూసినవాళ్లు ఎవరూ లేరు. తను కాదని రాస్తే ఇక జరగనట్టే.

ఆ రెండక్షరాలు చెరిపేసింది. మొదటి గడి నొక్కింది.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల పేరు, సమ్మతి కావాలని వచ్చింది.

మధ్యాహ్నం మునెయ్య వచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఆగింది. అన్నం పెట్టింది. ఆయన తింటుంటే మొదలుపెట్టింది. మంగళవారం నుంచి ఆదివారం దాకా వరసగా చెప్పింది. అంత పొడుగ్గా నాయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన మధ్యలో తినడం ఆపేశాడు.

"వాడుకోమన్నావా?"

"అన్నాను నాయనా."

"ఎన్నాళ్లకి?"

"ఆ పాఠానికని. పైకి చెప్పలా."

"చెప్పేదేముంది దాంట్లో," అన్నాడు మునెయ్య. అలవాటుగా వచ్చిన మాట. అన్నాక తనే దిద్దుకున్నాడు. "కానీ ఆయన మనూరోడు గాదు గదమ్మా. చెప్పుండాల్సింది. ఆయన గూడా అడిగుండాల్సింది."

"ఇప్పుడు చెప్తే సార్ ఉద్యోగం పోతది."

"పోతది."

"పోలేరయ్య తాత ఏం జేసినాడు నాయనా, బావమరిదిని?"

"ఏం జేస్తాడు? పంచాయతీలో నా పాడు అని నిలబడి చెప్పినాడు. ఆయన తల దించుకున్నాడు. ఈయన ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం తిన్లా. చెల్లెలు మాట్లాడటంలా." మునెయ్య చెయ్యి కడుక్కున్నాడు. "పాడు నాది గాదు అని మాత్రం అనలా. అట్ట అంటే వచ్చే ఏడు చీటీలో ఈయన పేరే ఉండదు."

ఫోన్ ఇటివ్వమన్నాడు. మూడో తరగతి దాకా చదివినవాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. మధ్యలో "మే, ఒత్తు యాడుంది?" అని అడిగాడు. చూపించింది.

వివరణ రాసే చోట ఆమె ఇలా రాసింది. "ఈ పీతను నేను ఎనిమిదో తరగతిలో గీశాను. అసలు కాగితం నా దగ్గర ఉంది. కరోనాలో మా సార్ పాఠం కోసం అడిగితే వాడుకోమన్నాను. పాఠం కోసమే అన్నాను, కానీ ఆ సంగతి ఆయనకు విడిగా చెప్పలేదు. ఆయన దొంగిలించలేదు. ఆయన చెప్పిన పాఠాల వల్లే నాకు ఇవన్నీ గీయడం వచ్చింది. బొమ్మ మాత్రం నాది." కింద తన పేరు, ఊరు రాసింది. ఈ వివరాలన్నీ ఫిర్యాదుదారుకు పంపుతామని వచ్చింది. సరే అని నొక్కింది. గుండె ఫారంలో కూడా ఇలాగే రాసి పంపింది.

పదకొండు రోజులకు పీత తిరిగొచ్చింది. మర్నాడు గుండె వచ్చింది. యాప్‌లో ఆ పాఠం ఇప్పుడు లేదు. ఆ రోజే సార్ దగ్గర నుంచి మెసేజీ వచ్చింది.

"నువ్వు రాసింది నా చేతనే చదివించినారు స్వర్ణా. నలుగురి ముందర. దాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు."

ఆమె సమాధానం రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. చివరికి "సార్, ఇప్పుడు ఎక్కడున్నారు?" అని పంపింది. అది ఆయనకు చేరలేదు. ఆ తర్వాత కూడా చేరలేదు. పేరు పక్కన ఉండే ఫొటో పోయి బూడిదరంగు బొమ్మ వచ్చింది.

మరో పది రోజులకు, కాలేజీ వదిలాక సూళ్లూరుపేట బస్టాండులో రెబెక్కమ్మ కనిపించింది. బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. స్వర్ణ స్తంభం వెనక్కి తప్పుకోబోయింది. అప్పటికే ఆవిడ చూసేసింది. ఇక తప్పదని దగ్గరికి వెళ్లి నిలబడింది.

"బాబు చెన్నై పోయినాడు. పని చూసుకోను," అంది రెబెక్కమ్మ. గొంతులో కోపం లేదు, చెట్టునీడకు లాక్కుపోయిన నాటి చనువూ లేదు. "ఆ పీత నువ్వు గీసిందంటనే?"

"అవునమ్మా."

"మరి ఆ పొద్దు నేను అంతసేపు చూపిస్తా ఉంటే చెప్పలేదే?"

బస్సు ఒకటి వచ్చి ఆగింది, జనం ఎక్కారు, పోయింది. ఆవిడది కాదు, ఈమెదీ కాదు.

"ఆ ఇరిగిన కాలు," అంది రెబెక్కమ్మ. "ఎందుకట్ట గీసినావు?"

"దానికి నిజంగానే విరిగింది."

ఆవిడ తల ఊపింది. ఒళ్లో సంచిని పక్కకు జరిపింది. బెంచీ మీద ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ అయింది. కూర్చోమని అనలేదు. స్వర్ణ కూడా కూర్చోలేదు. తన బస్సు వచ్చేదాకా ఆ ఖాళీ పక్కనే నిలబడి ఉంది.